బిట్ బ్యాంకులో ఫ్రోబెల్, మా ఇంట్లో ఎల్‌కేజీ

కిండర్‌గార్టెన్ పద్ధతిని ప్రవేశపెట్టింది ఎవరు? ఏ. కిల్‌పాట్రిక్, బి. ఫ్రోబెల్, సి. ఆర్మ్‌స్ట్రాంగ్, డి. హెలెన్ పార్క్‌హర్స్ట్. టెట్‌కో డీఎస్సీకో చదివినోళ్ళని నిద్రలో లేపి అడిగినా బి అనేస్తారు. నేనూ అంతే. తిరుపతి బాలాజీ కాలనీలో కోచింగ్‌కి పోయిన రెండేళ్ళలో ఈ బిట్టు ఎన్నిసార్లు చేసింటానో లెక్క లేదు, ఒక్కసారి కూడా తప్పు పెట్టలేదు. డీఎస్సీ మాత్రం రాలేదు, అది వేరే కథ, ఇప్పుడెందుకులే.

అన్నిసార్లు టిక్కు పెట్టినా ఈ ఫ్రోబెల్ అనే మనిషి ఎవరు, యాడోడు, ఆయనకి ఈ పిల్లల గొడవ ఎందుకు పట్టింది అని ఒక్క రోజూ అనుకోలేదు. మళ్ళీ ఆయన పేరు గుర్తొచ్చింది మొన్న జూలైలో, మా వాడిని ఎల్‌కేజీలో వేసిన మూడో వారం. వాడికి మూడేళ్ళ పది నెలలు. డైరీలో ఎర్ర ఇంకుతో రాసి పంపినారు, పెన్సిల్ గ్రిప్ లేదు, ఇంట్లో ప్రాక్టీస్ చేయించండి అని. హోంవర్కు రెండు పేజీలు స్టాండింగ్ లైన్, రెండు పేజీలు స్లీపింగ్ లైన్. (ఎల్‌కేజీ తల్లులకి చెప్పక్కర్లేదు, మిగతా వాళ్ళకి చెప్తున్నా, నిలువు గీత స్టాండింగ్ లైను, అడ్డ గీత స్లీపింగ్ లైను, వాలు గీత స్లాంటింగ్ లైను, ఇవన్నీ అయినాకే అక్షరాలు.) మా వాడు మూడు గీతలు నిలబెట్టి నాలుగోది అడ్డంగా గీసేసినాడు. అదేందిరా అంటే "అమ్మా, ఆ లైనుకి నిలబడి నిలబడి కాళ్ళు నొప్పులంట, పండుకుంటాదంట" అన్నాడు. నేను రబ్బరు తీసుకుని చెరిపేసినాను. ఇప్పుడు తల్చుకుంటే సిగ్గుగా ఉంది గానీ ఆ రోజు రాత్రి తొమ్మిదిన్నర, పొద్దున ఆటో ఏడున్నరకే వచ్చేస్తుంది.

మా అత్తమ్మ పక్కనే కూర్చుని చెనిక్కాయలు ఒలుస్తా అంతా చూస్తా ఉంది. ఆమె చంద్రగిరి పక్కన ఒక పల్లెలో ముప్పై ఏళ్ళు అంగన్‌వాడీ టీచరుగా చేసి రిటైర్ అయింది, పిల్లల విషయంలో ఆమె ముందు మనం నోరెత్తలేము. "ఏంది మే ఇది, పాలపండ్లు కూడా ఊడనోడికి ఈ రాతలేంది? అసలు ఎల్‌కేజీ అంటే ఏంది?" అనింది. లోయర్ కిండర్‌గార్టెన్ అత్తా అన్నా. అంటే? అంటే జర్మన్ మాట, కిండర్ అంటే పిల్లలు, గార్టెన్ అంటే తోట, పిల్లల తోట. ఆమె చెనిక్కాయలు ఒలిచేది ఆపి నా మొహంలోకి చూసి "తోటా? యాడుండాది తోట?" అనింది.

మా వాడి క్లాసు మూడో అంతస్తులో ఉంది. వరండాకి గ్రిల్లు. ఒక కుండీ కూడా లేదు. జవాబు చెప్పలేక ఆ రాత్రి ఫోనులో మొదలుపెట్టినాను, తర్వాత రెండు వారాలు వదల్లేదు, మా ఆయన అయితే డీఎస్సీకి ఇంత చదివుంటే ఈపాటికి రిటైర్‌మెంటుకి దగ్గర్లో ఉండేదానివి అని ఒకటే ఎగతాళి.

ఫ్రీడ్రిష్ ఫ్రోబెల్ 1782 ఏప్రిల్ 21న పుట్టినాడు, జర్మనీ మధ్యలో తురింజియా అని అడవులు కొండలు ఉండే ప్రాంతం, అక్కడ ఓబర్‌వైస్‌బాఖ్ అనే చిన్న ఊరు. నాయన చర్చి పాస్టరు, ఊర్ల మీద తిరిగే పని, ఇంట్లో ఉండింది తక్కువ. తల్లి వీడికి తొమ్మిది నెలలప్పుడే చచ్చిపోయింది. సవతి తల్లి వచ్చినాక మొదట్లో బాగానే చూసుకుందంట, ఆమెకి సొంత బిడ్డ పుట్టినాక మారిపోయింది. ఎట్లా మారింది అనేది ఆయనే తర్వాత ఒక పెద్ద ఉత్తరంలో రాసుకున్నాడు, అది చదివి నేను కాసేపు ఫోను పక్కన పెట్టేసినాను. ఆమె వీడిని "నువ్వు" అనడం మానేసి, ఎదురుగా నిలబడి ఉన్నోడితోనే "అతను" అని మాట్లాడేదంట. అంటే "నువ్వు తిన్నావా" అని కాదు, "అతను తిన్నాడా" అని వాడినే అడిగేది. తిట్టుంటే వాడికి అంత కాలం గుర్తుండేది కాదేమో. మనకి తెలుగులో కూడా కోపమొస్తే "గారు" తగిలించి దూరం పెట్టే అలవాటు ఉంది కదా, చిన్న పిల్లోడి మీద అది వాడితే ఎట్లుంటుందో ఊహించుకోండి.

పదేళ్ళప్పుడు మేనమామ తన ఊరికి తీసుకుపోయినాడు, అక్కడ కొంచెం ఊపిరి పీల్చుకున్నాడు. పదిహేనేళ్ళకి ఫారెస్టు పని నేర్చుకోమని ఒక ఫారెస్టరు దగ్గర పెట్టినారు, ఆయన నేర్పించింది తక్కువ, వీడే అడవిలో తిరుగుతా చెట్లు చేమలు చూసుకున్నాడు. తర్వాత యేనా యూనివర్సిటీ, అక్కడ అప్పు కట్టలేక యూనివర్సిటీ జైల్లోనే తొమ్మిది వారాలు. (ఆ కాలంలో యూనివర్సిటీకి సొంత జైలు ఉండేదంట, మన యస్వీయూకి లేకపోవడం ఎంత మేలో.) బయటికొచ్చి సర్వేయింగు, లెక్కలు రాసే పని, అదీ ఇదీ, ఏదీ కుదరలేదు. 1805లో ఆర్కిటెక్చర్ చదువుదామని ఫ్రాంక్‌ఫర్ట్ పోతే అక్కడ ఒక స్కూలు హెడ్మాస్టరు గ్రూనర్ అని, నువ్వు ఇల్లు కట్టే మనిషివి కాదయ్యా, టీచరు పనికి రా అన్నాడు. మొదటి రోజు క్లాసులోకి పోయినాక అన్నకి ఉత్తరం రాసినాడు, నీళ్ళలో పడ్డ చేప మాదిరి ఉంది నాకు అని. అప్పటికి ఆయనకి 23 ఏళ్ళు.

ఆ తర్వాత స్విట్జర్లాండులో ఇవెర్డాన్ అనే ఊర్లో పెస్టాలజీ అనే పేరున్న విద్యావేత్త స్కూలు చూడ్డానికి పోయినాడు, రెండోసారి తను ట్యూషన్ చెప్పే పిల్లల్ని కూడా వెంటబెట్టుకుని పోయి 1808 నుంచి 1810 దాకా అక్కడే ఉన్నాడు. ఈ పెస్టాలజీ కూడా మనకి బిట్టే, మళ్ళీ ఇంకోసారి రాస్తా. అక్కడినుంచి గట్టింగెన్, బెర్లిన్, నెపోలియన్ మీద యుద్ధానికి వాలంటీరుగా పోవడం, యుద్ధంలో మిడెన్‌డార్ఫ్, లాంగెథాల్ అని ఇద్దరు ఫ్రెండ్స్ దొరకడం, వాళ్ళు చాలా ఏళ్ళు ఈయనతోనే పనిచేసినారు. యుద్ధం అయినాక బెర్లిన్‌లో రాళ్ళ మ్యూజియంలో అసిస్టెంటు ఉద్యోగం. రోజంతా ఒక గదిలో స్ఫటికాలు సర్దుకుంటా కూర్చునేవాడు. ఉప్పు స్ఫటికం చూస్తే అచ్చం చిన్న క్యూబు, ఇంకో రాయి ఇంకో ఆకారం, లోపల ఉండే నియమం బయట అంచుల్లో కనపడుతుంది. ఇది గుర్తుపెట్టుకోండి, ఆయన బొమ్మలన్నీ ఈ గదిలోంచే వచ్చినాయని నాకు అనిపిస్తుంది.

1816లో, టైఫస్ జ్వరంతో చనిపోయిన ఒక అన్న పిల్లల్ని, ఇంకో అన్న పిల్లల్ని కలుపుకుని ఐదుగురితో స్కూలు పెట్టినాడు. మరుసటి ఏడు కైల్‌హావ్ అనే పల్లెకి మార్చినాడు. పేరు మాత్రం "సార్వత్రిక జర్మన్ విద్యా సంస్థ". ఐదుగురు పిల్లలు, అందరూ సొంతవాళ్ళే, పేరు చూడండి! మన దగ్గర రెండు రూముల స్కూలుకి ఇంటర్నేషనల్ అని పెట్టినట్టే.

ఆయనకి చిన్న పిల్లల మీద ధ్యాస వచ్చింది చాలా ఆలస్యంగా. స్విట్జర్లాండులో బుర్గ్‌డార్ఫ్ అనే ఊర్లో అనాథ పిల్లల ఇల్లు నడిపేటప్పుడు, స్కూలుకొచ్చేసరికే పిల్లలు ఎట్లెట్లో తయారై వస్తున్నారు, అసలు పని అంతకుముందే ఉంది అని అర్థమైందంట. 1837లో తిరిగొచ్చి బ్లాంకెన్‌బుర్గ్ అనే ఊర్లో చిన్న పిల్లల కోసం ఒకటి మొదలుపెట్టినాడు, అప్పటికి ఆయనకి 55. దానికి ఏం పేరు పెట్టాలో తెలీక మూడేళ్ళు తన్నుకులాడినాడు. ఒక రోజు ఫ్రెండ్సుతో కొండదారిన నడుస్తా నడుస్తా కింద లోయ కనపడేచోట టక్కున ఆగి "దొరికింది! కిండర్‌గార్టెన్!" అని అరిచినాడంట. 1840 జూన్ 28న ఆ పేరుతో మొదలైంది. డబ్బుల కోసం జర్మనీలో ఆడవాళ్ళకి పది థాలర్ల (అప్పటి జర్మన్ వెండి నాణేలు) చొప్పున షేర్లు అమ్మాలని చూసినాడు, కొన్నది చాలా తక్కువ మంది.

తోట అనేది ఊరికే అందానికి పెట్టిన పేరు కాదు, నిజంగానే తోట. ఒక్కో పిల్లోడికి ఒక చిన్న మడి, వాడిదే, వాడే విత్తాల, వాడే నీళ్ళు పోయాల, ఎండిపోతే వాడిదే తప్పు. పిల్లల మళ్ళు మధ్యలో, వాటి చుట్టూ అందరి ఉమ్మడి మళ్ళు. ఇది అత్తమ్మకి చెప్తే "మా సెంటర్లో తోటకూర మడి ఉండేది, పిల్లోళ్ళు నీళ్ళు పోసి పోసి కుళ్ళబెట్టేసినారు" అనింది. కుళ్ళబెట్టినాక ఏం చేసినారు అంటే "ఇంకోసారి వేసినాం, ఈసారి చెంబు చిన్నది ఇచ్చినాం" అనింది.

అంగన్‌వాడీ అన్నా కూడా అర్థం చూస్తే వాకిలే. అంగన్ అంటే ప్రాంగణం. 1975 అక్టోబర్ 2న దేశం మొత్తం మీద 33 బ్లాకుల్లో మొదలైంది ఆ స్కీము. తోట పేరు పెట్టుకున్నోళ్ళకి తోట లేదు, వాకిలి పేరు పెట్టుకున్నోళ్ళకి కనీసం వాకిలైనా ఉంది అని నేను పెద్ద కనిపెట్టినట్టు చెప్తే అత్తమ్మ "వాకిలుంది సరే, నన్ను వాకిట్లో యాడ కూర్చోనిచ్చినారు, రిజిస్టర్లు రాసేదానికే సరిపాయె" అని గాలి తీసేసింది.

ఇప్పుడు బొమ్మల సంగతి. ఫ్రోబెల్ వీటిని బొమ్మలు అనలేదు, కానుకలు అన్నాడు. మొదటి కానుక ఊలుతో అల్లిన ఆరు రంగుల మెత్తటి బంతులు, దారం కట్టినవి. రెండోది చెక్క గోళం, చెక్క క్యూబు, తర్వాత వాటి మధ్యకి ఒక సిలిండరు చేర్చినాడు. మూడోది రెండించుల క్యూబు, దాన్ని విడదీస్తే ఎనిమిది ఒక ఇంచు క్యూబులు. అట్లా ముందుకుపోతే పలకలు, పుల్లలు, రింగులు, చివరికి గింజలు. కాగితం మడత, కాగితపు చాపల అల్లిక, మట్టిపని, ఇవి వేరే లెక్క. కాగితాల అల్లిక మేము డీఎడ్‌లో చేసి చార్టుకి అంటించినాం, ఐదు మార్కులు వేసినారు, ఎవరిదని ఎవరూ చెప్పలేదు.

ఆన్‌లైన్‌లో ఈ సెట్లు చూస్తే ధరలు మన వల్ల కాదు. కొర్లగుంటలో మాకు రెండు సందులవతల ఒక ఆచారిగారు ఉన్నారు, తలుపులు కిటికీలు చేస్తారు, ఆయన దగ్గరికి పోయి రెండించుల చెక్క దిమ్మ చేసి దాన్ని సమానంగా ఎనిమిది ముక్కలు కోసివ్వండి అన్నా. ఆయన నా కాగితం మీద బొమ్మ చూసి నవ్వి "కోస్తానమ్మా, కానీ మళ్ళీ కలిపితే నీకు రెండించులు రాదు, రంపం తింటాది గదా" అన్నాడు. నిజమే, పుస్తకం చదివిన బుర్రకి తట్టలేదు. ఒక పెద్దది ఎనిమిది ముక్కలైంది అని మనం అనుకుంటాం, చేతిపనిలో ఎనిమిది ముక్కలే ఒక పెద్దదవ్వాల. ద్వారబంధానికి పోగా మిగిలిన టేకు ముక్క తీసి, చిత్రిక పట్టి, ఇంచు బై ఇంచు పొడుగు బద్ద చేసి, దాంట్లోంచి ఒక్కొక్కటి కొలిచి కోసినాడు. గరుకు కాగితం మాత్రం నా చేతికే ఇచ్చి మూలలు నువ్వే రుద్దుకో అన్నాడు. నూటయాభై తీసుకున్నాడు. పనిలో పనిగా ఇంకో దిమ్మకి సరిగ్గా నడిమధ్యలో మేకు కొట్టిచ్చినాడు, ఎందుకో చెప్తా.

ఆ క్యూబుకి దారం కట్టి, వాడి పాత ఊయల కొక్కేనికి వేలాడదీసి, పురి పెట్టి వదిలితే గిర్రున తిరిగేటప్పుడు క్యూబు కనపడదు, గుండ్రటి సిలిండరు కనపడుతుంది. ఆగితే మళ్ళీ క్యూబు. ఇది ఫ్రోబెల్ చెప్పిన ఆటే. మా వాడు నోరు తెరుచుకుని ఒక పది పదిహేనుసార్లు తిప్పించినాడు. తర్వాత వాడే తిరగడం మొదలుపెట్టినాడు, "నేను గుండ్రంగా కనపడతాన్నానా" అని.

ఎనిమిది ముక్కలకి ఛార్జరు వచ్చిన అట్టపెట్టె సరిపోయింది. దాన్ని బోర్లించి, మెల్లగా పైకెత్తాల, అప్పుడు పిల్లోడి ముందు ముక్కల కుప్ప కాకుండా నిండు క్యూబు నిలబడుతుంది. ముందు మొత్తం, ఆ తర్వాతే ముక్కలు, ఇది ఆయన పట్టుదల. దాంతో మూడు రకాలు చెయ్యొచ్చు అన్నాడు: ఇల్లు కుర్చీ లాంటి బతుకులో చూసేవి, ముగ్గు లాంటి అందమైనవి, సగం పావు లాంటి లెక్కలు. మా వాడు మొదట ఎనిమిదీ వరసగా పెట్టి సప్తగిరి ఎక్స్‌ప్రెస్ అన్నాడు. తర్వాత అలిపిరి మెట్లు. తర్వాత "అవ్వకి నాలుగు, నాకు నాలుగు" అని పంచినాడు, అమ్మకి అంటే మళ్ళీ మొత్తం లాక్కుని రెండు రెండు పెట్టి, రెండు మిగిలితే అవి కూడా వాడే తీసుకున్నాడు. వీడు వంద దాకా గడగడా ఒప్పచెప్తాడు, ఏడు చెనిక్కాయలు తియ్యరా అంటే గుప్పెడు తీసి పెడతాడు. ఆ రోజే మొదటిసారి వాడు లెక్క పెట్టడం నేను చూసింది.

ఇంకో మాట. ఆయన 1844లో తల్లుల కోసం పాటలూ వేళ్ళాటలూ ఒక పుస్తకంగా వేసినాడు. పల్లెల్లో తల్లులు పిల్లల్ని ఎట్లా ఆడిస్తారో చూసి చూసి రాసింది. అత్తమ్మ మా వాడి అరచేతిలో మోచేత్తో పప్పు రుబ్బి, వేలికొకరికి బువ్వ పెట్టి, చెయ్యెంబడి నడుచుకుంటా పోయి చంకలో గిలిగింత పెడుతుంది కదా, అట్లాంటివే. మన ముసలాళ్ళు ఊరికే చేసేదాన్ని ఆయన సీరియస్‌గా తీసుకున్నాడు, అదే ఆయన గొప్పతనం అని నాకనిపిస్తుంది.

అట్లని ఆయన్ని దేవుణ్ణి చెయ్యలేను. ఆయన రాతలు చదవడం కష్టం, గోళం అంటే సృష్టి ఐక్యత, క్యూబు అంటే వైవిధ్యం అని వేదాంతంలోకి పోతాడు, అనువాదం చదువుతుంటేనే నాకు నిద్ర ముంచుకొచ్చింది. ఇంకోటి, ఒక ఆకారం చేసినాక దాన్ని కూల్చకూడదు, మెల్లగా జరిపి ఇంకో ఆకారంగా మార్చాల అని రూలు. మా వాడు కాలితో తన్ని కూల్చినాడు, నాకైతే అదే బాగుంది. ఆయన పోయినాక శిష్యులు ఇంకా బిగించేసినారు, అమెరికాలో పిల్లల బల్లల మీద ఇంచు ఇంచుకి గీతలు గీసి, టీచరు చెప్పినట్టు అందరూ ఒకేసారి ఒకే ముక్క ఒకే గడిలో పెట్టాల. ఆట కూడా డిక్టేషనే. అంటే మా వాడి ఫోర్ లైన్స్ నోట్‌బుక్కు రోగం ఇప్పటిది కాదు, ఆ తోటలోనే మొలిచింది.

1849లో బాడ్ లీబెన్‌స్టైన్ అనే ఊరికి నీళ్ళ వైద్యానికి వచ్చిన బెర్తా ఫాన్ మారెన్‌హోల్ట్స్ అనే జమీందారీ ఆమెతో ఇంటామె చెప్పిందంట, ఇక్కడ ఒక ముసలి పిచ్చోడు దిగినాడు, పల్లె పిల్లోళ్ళతో ఎగురుతా ఆడుకుంటా ఉంటాడు అని. ఆమె పోయి చూసి, ఆ తర్వాత బతికినంత కాలం ఆయన పనినే దేశాలు తిప్పింది. టీచర్లుగా ఆడవాళ్ళకి ట్రైనింగు ఇయ్యాల అని ఆయన పట్టుబట్టింది కూడా అప్పటికి పెద్ద సంగతే.

ఆ తర్వాత రెండేళ్ళకే, 1851 ఆగస్టులో, ప్రష్యా (అప్పటి పెద్ద జర్మన్ రాజ్యం) ప్రభుత్వం కిండర్‌గార్టెన్‌లని నిషేధించింది. దేవుడు లేడని నేర్పిస్తున్నారు, సోషలిజం అని. అసలు సంగతేందంటే ఆయన అన్న కొడుకు కార్ల్ ఫ్రోబెల్ ఆడపిల్లల చదువు మీద ఒక పుస్తకం వేసినాడు, ఆ రాజకీయాలు వేరు, మంత్రిగారి ఆఫీసులో ఇద్దర్నీ కలిపేసినారు. అయ్యా అది నేను కాదు అని ఈయన రాసుకున్నాడు, కార్ల్ వేరు ఫ్రీడ్రిష్ వేరు అని తెలిసినాక కూడా వెనక్కి తీసుకోలేదు. ఆధార్‌లో ఒక అక్షరం తప్పు పడితే మనం పడే తిప్పలు తెలుసు కదా, ఈయనకి జీవితకాలం పని పోయింది. 1852 జూన్ 21న చనిపోయినాడు. నిషేధం ఎత్తేసింది 1860లో. ఈలోపల 1856లోనే అమెరికాలో వాటర్‌టౌన్ అనే ఊర్లో మార్గరేట షుర్జ్ అనే జర్మన్ ఆమె ఇంట్లోనే ఒకటి మొదలుపెట్టేసింది. తర్వాత 1876లో ఫిలడెల్ఫియా ఎగ్జిబిషన్‌లో ఆ చెక్కముక్కలు చూసి ఒక తల్లి కొడుక్కి కొనిచ్చింది, ఆ కొడుకు పెద్దయి ఫ్రాంక్ లాయిడ్ రైట్ అనే ఆర్కిటెక్టు అయినాడు, అవి ఇప్పటికీ నా వేళ్ళలో ఉన్నాయి అని రాసుకున్నాడు. ఆర్కిటెక్టు కాలేకపోయినాయన చెక్కముక్కలు!

ష్వైనా అనే ఊర్లో ఆయన సమాధి ఫోటో చూసినాను. కింద క్యూబు, దాని మీద సిలిండరు, దాని మీద గోళం. రెండో కానుకే, రాతితో. ఆచారిగారికి ఫోనులో చూపిస్తే ఆయన దండం పెట్టలేదు గానీ కొలతలు బాగా కుదిరినాయి అన్నాడు.

నిన్న రాత్రి మళ్ళీ స్టాండింగ్ లైన్ రెండు పేజీలు. ఒక పేజీ ఎట్లో గీసినాడు. రెండో పేజీ తియ్యరా అంటే పెన్సిల్ పక్కన పడేసి ఎనిమిది ముక్కలూ ఒకదాని మీద ఒకటి నిలబెట్టినాడు, ఊపిరి బిగబట్టి, ఎనిమిదోది పెట్టేటప్పుడు నాలిక బయటికొచ్చింది. "అవ్వా, స్టాండింగ్ లైన్" అన్నాడు. అత్తమ్మ మార్కులు ఎంత వెయ్యాల అనేలోపల వేలితో తోసేసి "ఇప్పుడు స్లీపింగ్ లైన్" అని వాడూ దాని పక్కనే పడుకున్నాడు. ఐదు నిమిషాల్లో నిజంగానే నిద్రపోయినాడు. రెండో పేజీ నేనే గీసినాను, ఎడమ చేత్తో, కొంచెం వంకరగా.